వెనక టైరు రాసుకుంటోందని

ఏమండీ,

మీ స్పోర్ట్స్ కారు తాళాలు ఫ్రిజ్ మీద పెట్టాను. లోపల దోసెల పిండి ఉంది, పోసుకోండి. మెకానిక్ జ్ఞానేశ్వర్ ఫోన్ చేశాడు. వెనక మడ్‌గార్డ్ లోపలి అంచు కాస్త మడిస్తే మీరు కొత్తగా వేయించిన వెడల్పు టైర్లు ఇక రాసుకోవట, కాకపోతే అక్కడ రంగు పగలొచ్చట. మీరు రంగు పోనివ్వరని నేనే చెప్పేశాను.

అత్తయ్యగారిని కంటి డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకెళ్తున్నాను. మొన్న మీ కారులో ఉయ్యూరు వెళ్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా మీరు, "అమ్మా, వెనక బరువుంటే టైరు రాసుకుంటోంది, కాస్త దిగి నడువు" అన్నారు. ఆ మోకాళ్లతో ఆవిడ ఎండలో దిగుతూ ఎక్కుతూనే ఉన్నారు. మీరూ ఒకసారి దిగారు, టైరు చూసుకోవడానికి.

పాత చక్రాలు మెట్ల కింద దుప్పటి కప్పి ఉన్నాయి. మళ్లీ బిగించుకుంటారో లేదో మీ ఇష్టం.

శ్రీలలిత

అన్నట్టు, మొన్నటి నుంచి అత్తయ్యగారు రాత్రిపూట అన్నం మానేశారు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఇవాళ పొద్దున గట్టిగా అడిగితే, "నేను కాస్త తగ్గితే వాడి టైరు రాసుకోదేమోనమ్మా" అన్నారు.