గొంతు పెగలని రేడియో

తిరువూరు,
12-11-74, మంగళవారం.

చి.సౌ. పార్వతికి హనుమయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న అందింది. విజయవాడలో సుబ్బాయమ్మ వదినగారింట్లో నీకు ఇబ్బంది లేదనీ, రోజు విడిచి రోజు రేడియో స్టేషనుకు వెళ్లి సాధన చేస్తున్నావనీ తెలిసి సంతోషించాను. ఈ నెల 28, గురువారం సాయంత్రం ఏడుంబావుకు నీ పాట వస్తుందని రాశావు. చివర ఇంకో మాట రాసి దాని కింద గీత కూడా గీశావు. "మీరు మన ఇంట్లో, మన రేడియోలోనే వినాలి. ఇంకొకరి అరుగు మీద కూర్చుని వినవద్దు." గీత గీయకపోయినా నాకు అర్థమయ్యేది.

నిన్న విత్తనాల కొట్టు పెందరాళే కట్టేసి రేడియో పని పట్టాను. నువ్వు కుట్టిన గుడ్డ తీసి, వెనక అట్ట ఊడదీస్తే లోపల నాలుగేళ్ల దుమ్ము, రెండు బల్లి గుడ్లు. పైపైన తుడిచి స్విచ్చి వేశాను. ముందు దీపం వెలిగింది. ప్రాణం లేచొచ్చింది. తర్వాత గుయ్యిమని మోత మొదలైంది. ముల్లు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పాను. విజయవాడ లేదు, హైదరాబాదు లేదు, సిలోను లేదు. మోత పెరిగి పెరిగి టప్పుమని ఏదో పేలింది. ఇల్లంతా కాలిన మైనం వాసన. ఫ్యూజు కూడా పోయింది. చీకట్లోనే అన్నం తిన్నాను.

నా దగ్గర పాత రేడియో పుస్తకం ఉంది కదా, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివినది. అందులో 'సెట్టు పలకనప్పుడు' అని ఒక అధ్యాయం ఉంది. మొదటి సలహా, ప్లగ్గు పెట్టారో లేదో చూడండి. చివరి సలహా, దగ్గరలోని నిపుణుడికి చూపించండి. మధ్యలో నాలాంటి వాడికి పనికొచ్చేది ఒక్క ముక్క లేదు.

వాసన గోడ దాటి వీరరాఘవయ్య బావ ఇంటికి చేరింది. గోడ మీదనుంచి తల పెట్టాడు.

"ఏం బావా, చెల్లెలు ఊళ్లో లేదని పొయ్యి నువ్వే అంటించావా?"

"రేడియో" అన్నాను.

"అది పోయి నాలుగేళ్లయిందిగా, దహనం ఇప్పుడు చేస్తున్నావా? మా ట్రాన్సిస్టరుంది కదయ్యా. గురువారం వచ్చి కూర్చో. కాఫీ కూడా ఇస్తాం."

లోపలికొచ్చేశాను. నీ పాట సంగతి వీధి మొత్తానికి తెలుసన్నమాట. నీ చేత దరఖాస్తు పెట్టించిన జోజమ్మ టీచరుగారే చెప్పి ఉంటారు.

ఇంకా పదహారు రోజులుంది. రేపు బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే ప్రభుదాసుకు చూపిస్తాను.

నీ
హనుమయ్య


తిరువూరు,
17-11-74, ఆదివారం.

పార్వతికి,

ఈ నాలుగు రోజుల్లో రేడియో, నేనూ బస్టాండుకు మూడుసార్లు వెళ్లొచ్చాం. రిక్షా అతను ఇక బేరమాడటం కూడా మానేశాడు. "మీ ముసలాయనకి ఎలా ఉందండి?" అని అడుగుతున్నాడు.

ప్రభుదాసు మంచి పనివాడే గానీ చేతులతోపాటు నోరు కూడా పనిచేస్తుంది. విషయం వినగానే తల పట్టుకున్నాడు.

"నాలుగేళ్లు పడుకున్న సెట్టుకి ఒక్కసారిగా కరెంటిచ్చారా సార్? మంచంలోంచి లేవని మనిషిని చేను దున్నమంటే దున్నుతాడా? లోపల కండెన్సర్లు ఎండిపోతాయి, పేలతాయి. ఇదిగో, ఇలా చేయాలి."

అతను చేసిందేమిటంటే, మామూలు దీపం బల్బు ఒకటి మధ్యలో పెట్టి, దానిగుండా సెట్టుకు కరెంటు వదిలాడు. సెట్టులో లోపముంటే బల్బు పెద్దగా వెలుగుతుంది, సెట్టుకు హాని ఉండదు. బల్బు దేదీప్యమానంగా వెలిగింది. ఎండిన కండెన్సర్లు రెండు విజయవాడ మనిషితో చెప్పి తెప్పించాడు. కొత్తవి వేశాక బల్బు మసకబారింది. రోజూ కాసేపు కాసేపు పెంచుతూ సెట్టును మేలుకొలుపుతున్నాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని అన్నీ లెక్కల పుస్తకంలో తేదీ వేసి రాసుకుంటున్నాను.

నిన్న అతను సెట్టు లోపలి గాజుబుడ్ల వంక తొంగిచూసి ఒక ప్రశ్న వేశాడు.

"సార్, అన్ని వాల్వుల మీదా దుమ్ము పట్టి ఉంది. ఈ ఒక్కదాని మీద లేదేంటి?"

"తుడిచాను" అన్నాను.

"అన్నీ తుడవకుండా ఒక్కటే తుడిచారా?"

టీ తాగొస్తానని లేచిపోయాను. అతనికి చెప్పలేదు గానీ నీకు చెప్పాలి. ఎదురుగా ఉంటే ఎటూ చెప్పలేను, కాగితం మీదనే చెబుతున్నాను.

మన రేడియో పాడవలేదు, పార్వతీ. పలకకుండా నాలుగేళ్ల కిందట నేనే ఆ వాల్వు పీకేశాను. పాత దూదిలో చుట్టి విత్తనాల నమూనాల పెట్టెలో పెట్టాను. మొన్న సోమవారం తీసి మళ్లీ పెట్టాను. అందుకే దాని మీద దుమ్ములేదు.

ఆ రోజుల్లో మన అరుగు నీకు గుర్తుండే ఉంటుంది. సాయంత్రం ఆరయ్యేసరికి పదిహేను మంది. వార్తలు, ధరవరలు, పాటలు, నాటకం, అన్నీ అయ్యేదాకా కదిలేవారు కాదు. నాకు అది కష్టంగా ఉండేది కాదు. నాకు మాట్లాడటం రాదు, రేడియో మాట్లాడేది, అందరూ నా చుట్టూ కూర్చునేవారు. నేనూ నలుగురిలో ఉన్నట్టే ఉండేది. ఒకరోజు లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెస్తూ గడప దగ్గర ఆగాను. వీరరాఘవయ్య బావ ఎవరితోనో అంటున్నాడు, "రేడియో లేకపోతే ఈ మూగాయన గుమ్మం తొక్కేదెవడ్రా?" అందరూ నవ్వారు. నేను నీళ్లు తెచ్చి అక్కడ పెట్టాను. బావే ముందు తాగాడు.

మర్నాడు పొద్దున వాల్వు పీకాను. సాయంత్రం వచ్చిన వాళ్లకు "పాడైంది" అన్నాను. వారం రోజులు వచ్చి అడిగారు. తర్వాత మానేశారు. ఆ మాట నిజమో కాదో తేలిపోయింది. నువ్వు "బాగు చేయించరాదా" అని ఎన్నిసార్లు అడిగావో. పాడైన సెట్టుకు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు ఎందుకు కడుతున్నానని కూడా అడిగావు. జవాబు ఇప్పుడు చెబుతున్నాను. లైసెన్సు లేకుండా సెట్టు ఉంచుకోవడం తప్పు కదా, సెట్టు నిజంగా బాగానే ఉందాయె.

నువ్వు నాలుగేళ్లు సాయంత్రాలు పాట లేకుండా గడిపావు. తప్పు నాది. కోపం వస్తే కోపంగానే రాయి.

నీ
హనుమయ్య


తిరువూరు,
23-11-74, శనివారం.

పార్వతికి,

నీ దగ్గరనుంచి జవాబు లేదు. నీకు తీరిక లేదనే అనుకుంటున్నాను.

రేడియో బుధవారం ఇంటికొచ్చింది. ప్రభుదాసు కొట్లో మధ్యాహ్నం మూడింటికి గంట కొట్టినట్టు పలికింది. నేను చెవులారా విన్నాను. ఇంటికి తెచ్చి సాయంత్రం ఏడింటికి పెడితే దీపం మిణుకుమంది, సన్నగా గుయ్యిమంది, అంతే. స్టేషను లేదు. మళ్లీ రిక్షా. మళ్లీ అతని కొట్లో పలికింది. మళ్లీ ఇంటికి. మళ్లీ మూగ. పెళ్లి చూపుల్లో బాగా మాట్లాడి కాపురానికొచ్చాక నోరు విప్పని మనిషిలా ఉంది దీని వరస. ఈ మాట రాశాక నాకు నేనే గుర్తొచ్చాను. అయినా కొట్టెయ్యను.

చివరికి నిన్న సాయంత్రం ప్రభుదాసే తన మీటరు తీసుకుని ఇంటికొచ్చాడు. గోడ ప్లగ్గులో రెండు పుల్లలు పెట్టి చూసి నవ్వాడు.

"మీ రేడియోకి జబ్బు లేదు సార్. మీ వీధికుంది. రెండువందల ముప్ఫై వోల్టులు రావాల్సింది నూట యాభై వస్తోంది. ఈ కరెంటుతో దీపం వెలుగుతుంది గానీ గొంతు పెగలదు."

కారణం నీకు చెప్పనక్కర్లేదు. మన వీధి ఇళ్లకూ, వెనక మిరప చేలల్లో మోటార్లకూ ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే. మధ్యాహ్నాలు మోటార్లకు కోత పెట్టి సాయంత్రం ఆరింటికి వదులుతున్నారు. ఆరు కాగానే ఆరు మోటార్లూ ఒక్కసారి వేస్తారు. అన్నిటికంటే పెద్దది వీరరాఘవయ్య బావది.

"ఏముంది సార్, గురువారం ఒక్క అరగంట మోటార్లు ఆపమని అడగండి" అన్నాడు ప్రభుదాసు. అతనికి అది చిన్న విషయం.

ఎలా అడగను? ఆయన నా రేడియో కోసం వచ్చేవాడని ఆయన నోటివెంటే విని, నేను రేడియో నోరు మూయించాను. ఇప్పుడు నా రేడియో కోసం నేనే ఆయన గుమ్మం తొక్కాలి. మిరపకు నీళ్లు పెట్టే వేళ. ఎవడు ఆపుతాడు? ఆపకపోతే నా పరువు పోతుంది, ఆపితే, సెట్టు నాలుగేళ్లు ఎందుకు పలకలేదని అడుగుతారు. నాకు అబద్ధం ఒక్కసారి చెప్పడమే వచ్చు, రెండోసారి రాదు.

ఈ రోజు రెండుసార్లు ఆయన గేటు దాకా వెళ్లాను. రెండోసారి కుక్క కూడా మొరగలేదు, అలవాటైపోయింది. తిరిగొచ్చేశాను.

కాబట్టి, పార్వతీ, నీ పాట నేను వినకపోవచ్చు. ఆ రోజు నీకు స్టేషను నుంచి కాగితం వచ్చిందని చూపిస్తే "సరే" అన్నాను. నీకది ఇష్టంలేని సరేలా వినిపించిందని నీ ముఖం చూస్తే తెలిసింది. అది ఇష్టమైన సరే. ఇది మాత్రం నీకు తెలియాలి.

నీ
హనుమయ్య


తిరువూరు,
29-11-74, శుక్రవారం.

పార్వతికి,

ఏం పని చేశావు నువ్వు!

నేను ఇన్‌లాండు కవరులో, అంచులు కూడా జిగురు పెట్టి అంటించి, గుండె విప్పి రాస్తే నువ్వు జవాబు ఎవరైనా చదివే పోస్టుకార్డు మీద రాస్తావా? కార్డు! బుధవారం నేను కొట్లో ఉన్నాను. ఇల్లు తాళం వేసి ఉందని పోస్టుమాన్ జోజమ్మ టీచరుగారి చేతికిచ్చాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకునే కార్డందుకునే మనిషి. పైగా నువ్వు ఎంత గుండ్రంగా, ఎంత పెద్దక్షరాలతో రాశావు! "మీరు పీకేసిన వాల్వు సంగతి వీరరాఘవయ్య అన్నయ్యతో చెప్పేయండి. చెప్పి, మోటారు ఆపమనండి. మీరు చెప్పకపోతే నేనొచ్చి చెబుతాను." వచ్చి చెప్పాల్సిన పనిలేకుండా చేశావు. నేను సైకిలు దిగేసరికి వీధిలో సగంమంది మన అరుగు మీద ఉన్నారు. మధ్యలో కార్డు పట్టుకుని బావ.

"ఏంటి బావా ఇది? నాలుగేళ్లు! నేను ట్రాన్సిస్టరు కొనుక్కున్నానయ్యా నీ మూలంగా!"

సైకిలు స్టాండు వేశాను. నోరు తెరిచాను. "ఆ రోజు నువ్వన్న మాట విన్నాను బావా. రేడియో లేకపోతే ఈ మూగాయన గుమ్మం తొక్కేదెవడ్రా అన్నావు" అన్నాను. అందరి ముందూ అన్నాను. నువ్వు నమ్మకపోతే టీచరుగారిని అడుగు.

బావ కార్డు వంక చూశాడు, నా వంక చూశాడు. "అన్నానా?" అన్నాడు. మళ్లీ తనే, "అనే ఉంటాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదు. రోజుకి వంద అంటాను, మా ఆవిడ ఒక్కటీ పట్టించుకోదు. నువ్వు నాలుగేళ్లు మోశావేంటయ్యా? అప్పుడే ఓ తిట్టు తిట్టి ఉంటే పోయేదిగా!"

నేను తలుపు తాళం తీశాను.

"మోటార్లు ఆపిస్తాను, అందరివీ. కానీ మేమూ ఇక్కడే వింటాం" అన్నాడు.

నిన్న ఆరున్నరకే వచ్చేశారు. ముప్ఫై మంది. పిల్లలు లెక్కలో లేరు. బావ మన సెట్టు మీద నమ్మకం లేక సంచిలో ట్రాన్సిస్టరు కూడా తెచ్చుకున్నాడు. ఏడు కాగానే వెనక చేలల్లో మోటార్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆరోది ఆగగానే ఇంట్లో దీపం తెల్లగా మారింది. నేను స్విచ్చి వేశాను. దీపం, మోత, తర్వాత, పార్వతీ, విజయవాడ! ఎవరో సన్నాయి వాయిస్తున్నారు. ప్రభుదాసు నన్ను కావలించుకున్నాడు. ఏడుంబావుకు నీ పూర్తి పేరు చెప్పారు. "తిరువూరు నివాసి శ్రీమతి శివపార్వతి" అన్నారు. నువ్వు మొదలుపెట్టావు.

మొదటి చరణం విన్నాను. అంతే విన్నాను.

"మన పార్వతమ్మే!" అన్నారెవరో. "గొంతు అలా లేదే" అంటే "రేడియోలో అలాగే ఉంటుందిలే" అని ఇంకొకరు. "ఈ దరఖాస్తు నేనే రాశానండి, నా చేత్తోనే" అని టీచరుగారు. "ఇది మా అమ్మ నాట్లప్పుడు పాడేది" అని బావ, వాళ్లమ్మ ఎలా పాడేదో పాడి కూడా చూపించాడు, నీ పాట మీద! నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. లేచి నిలబడి "నోరు మూస్తారా లేదా!" అని అరిచాను. నా గొంతు అంత ఉందని నాకే తెలియదు. అందరూ తలలు తిప్పారు. ఆ తర్వాత అందరూ ఒకటే నవ్వు. "మాట్లాడాడ్రోయ్!" అని బావ ఎగిరి గంతేశాడు. నవ్వు ఆగేసరికి రేడియోలో ఎరువుల సంగతి చెబుతున్నారు.

పదహారు రోజులు, లెక్కలేనన్ని రిక్షాలు, రెండు కండెన్సర్లు, ఆరు మోటార్లు. విన్నది నాలుగు పంక్తులు. ఇంత విసుగు నా జన్మలో ఎరగను. వెళ్లేటప్పుడు బావ "రేపు నాటకముందిగా, మోటార్లు ఆపేసి వస్తాం" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. అరుగు కడిగి ఉంచాను.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఇంకొకటి ఉంది. వంటింట్లో నువ్వు పాడుకుంటుంటావు. నేను గుమ్మంలోకి రాగానే ఆపేస్తావు. నాకిష్టం లేదనుకుని నువ్వు ఆపుతావేమో, నీకు బిడియమనుకుని నేను ఊరుకుని, పదమూడేళ్లుగా చెప్పులు బయటే విప్పి గోడ దగ్గర నిలబడి వింటున్నాను. ఎండాకాలమైతే అరికాళ్లు కాలతాయి.

ఈ ఉత్తరం అందగానే మొదటి బస్సుకి రా. వచ్చాక ఆ పాట మిగతా చరణాలు నాకు పాడి వినిపించు. నేను లోపల కుర్చీలో కూర్చుంటాను.

నీ
హనుమయ్య