పర్వీన్ కొడుకు మాత్రలు

మంగళవారం రాత్రి, కర్నూలు

మధ్యాహ్నం ఇరాన్ నుంచి పర్వీన్ ఫోన్ చేసింది. ఇక్కడ ఫార్మసీ చదివిన రోజుల్లో హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. ఉగ్గానితో మిరపకాయ బజ్జీ తిని, కళ్లనీళ్లు కారుతున్నా ఇంకొకటి అడిగేది.

ఆంక్షల వల్ల కొడుక్కి మూర్ఛ మాత్రలు దొరకడం లేదట. నా మందుల షాపులో అర నిండా ఉన్నాయి. వెంటనే కొరియర్ ఆఫీసుకు తీసుకెళ్లాను.

“ఆ దేశానికి పంపేది లేదు మేడం.”

“మందులకు ఆంక్షలు లేవంట కదప్పా?”

“ఏమో మేడం, కంప్యూటర్ తీసుకోకుండా ఉండాది.”

ఫోన్ చేసి పర్వీన్‌కు చెప్పాను. నా దగ్గర నేర్చుకున్న మన యాసలోనే అడిగింది: “పోనీలే. నువ్వు బాగుండావా?”

బాగున్నానని చెప్పాను. పిల్లవాడికి ఇంకెన్ని రోజులకు మాత్రలున్నాయో అడగడానికి ధైర్యం చాలలేదు.