శనివారం దాకా నా పళ్ళు

డాక్టరు గారికి,

ముందుపళ్ళు రేపే పీకాలి, లేకపోతే చీము రక్తంలోకి దిగి చస్తావన్నారు. విన్నాను, నాకు చెవుడు లేదు. మీరు న్యూ ఆర్లీన్స్‌కి కొత్త. శనివారం మా బ్యాండులో క్లారినెట్ ఊదే అల్సీడ్‌ని సమాధికి సాగనంపుతున్నాం. నలభై ఏళ్ళు నా పక్కన నడిచి వాయించినవాడు. ఇక్కడ శవయాత్ర బ్యాండుతో నడుస్తుంది, అందులో నేనూదే ట్రాంబోన్ బాకాదే ముందువరస. ముందుపళ్ళు లేకపోతే పెదవి ఆనదు, ఊదితే ఉత్తగాలే వస్తుంది.

"ఏం ముసలోడా, ఇద్దర్నీ ఒకే పెట్టెలో పెట్టమంటావా?" అని మా ఆవిడ ఒడీల్ తిడుతోంది. తిట్టనివ్వండి.

సమాధిదాకా మెల్లని పాట నేనే వాయిస్తాను. తిరుగుదారిలో, పోయినవాడికి విముక్తి దొరికిందని ఊరంతా గంతులేసే పాట ఉంటుంది. నాకు ప్రాణం అదే. దాన్ని వదులుకుంటున్నాను. మీరు కారు తెచ్చి సమాధుల తోట గేటు దగ్గర ఉండండి. సమాధి మూయగానే ఎక్కుతాను. అప్పుడు పీకండి. అంతవరకు మీ ముందు నోరు తెరవను.