వెనుక సీటు లేని బండి

బెంగళూరు

శాంతక్కకు, నీ తమ్ముడు ఏసోబు ప్రభువు పేరిట మొక్కి రాసేది. నువ్వు, బావ మంచిగున్నరని నమ్ముతున్న. నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? మానుకోట దవాఖానకు మళ్ల పోయినవా? నేను బాగనే ఉన్న, పరేషాన్ కావద్దు.

ఇక్కడ ఒక ఆఫీసు గేటు కాడ కావలి పని. రోజూ సన్నవాన. మధ్యాహ్నం అన్నం, సాంబారు పెడ్తరు. తింటున్న, రుచి తెలుస్తలేదు. బాగనే ఉన్న.

నీ మరదలు సునీత పడి చనిపోయిన నా బండి తుప్పువడ్తాంది, రైలుకేసి పంపాల్నా, బావ తీసుకోవాల్నా అని ఫోన్ల అడిగినవు. నోటితోని చెప్పలేక రాస్తున్న.

ఇక్కడ బండి కొనకుండనే నడుపుతరక్కా. రోడ్డు పక్కన కరెంటు స్కూటర్లు ఉంటయి. ఫోన్ చూపిస్తే తాళం ఊడుతది, పోయిన కాడ వదిలేసుడే. జనం గివెందుకు ఎక్కుతరని నాతోటి కావలి రమణను అడిగిన.

"పెట్రోలు లేదు, పంక్చరు లేదు, నిలబెట్టడానికి జాగా వెతికే పని లేదు. దిగినాక అది నీకేమీ కాదు సామీ!"

ప్రభువు సుత అడిగి తెచ్చిన గాడిదపిల్ల మీదనే పట్నంలకు పోయిండు, నిజమే. కని నేనెక్కేది గందుకు కాదు. దానికి వెనుక సీటు ఉండదు.

మొదటిరోజు తాళం తియ్యకముందే, పాస్టరుగ మన సంఘంల కొత్త బండ్లకు చేసినట్టు హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి, కండ్లు మూసి ప్రార్థన మొదలుపెట్టిన.

"అంకుల్, ఎక్కుతారా, నేను తీసుకోనా? ఆఫీసుకు టైమైపోతోంది" అన్నదొక పిల్ల.

"దీవిస్తున్ననమ్మా."

"దీన్నా? సాయంత్రానికి పదిమంది ఎక్కి దిగుతారు దీన్ని!" అని నవ్వింది.

మనకాడైతే నరకాగ్ని గురించి నడిరోడ్డు మీదనే గంటసేపు ఉరుముతుంటి. కోపం రాలేదక్కా. "నువ్వే తీస్కో బిడ్డా" అని పక్కకు జరిగిన. తెల్లారి సంది ప్రార్థన లేకుండనే ఎక్కుతున్న. సునీత కూర్చున్న బండికి నేనే నూనె రాసి ప్రార్థించిన. ఆ ప్రార్థన ఏమైందని దేవున్ని అడగబుద్ధి సుత అయితలేదు.

బండి పంపద్దు. బావనే తీసుకోమను. ముందుగాల బ్రేకులు చూపించుండ్రి, వెనుక చక్రానికి చీర చిక్కకుండ ఇనుప జాలి పెట్టించుండ్రి. ఎక్కేటప్పుడు కొంగు నడుముకు చెక్కుకో. బావతోని మాటలు పెట్టకు, ముందుకు చూడనియ్యి. ఆనాడు నేను సునీతకు కొంగు సంగతి చెప్పలే. వాక్యం చెప్పుకుంట నడిపిన.

సంఘం పెద్దలకు నా వందనాలు చెప్పు. నా తరఫున కొన్నాళ్లు మీరే ప్రార్థన చెయ్యుండ్రి.

నీ దీవెన కోరే తమ్ముడు,
ఏసోబు