పద్నాలుగు డిగ్రీల గంజి

4 డిసెంబరు 2006, సోమవారం. ఉదయం 9.40. గద్వాల.

జరిగింది జరిగినట్టుగా:
1. పిండి గంజి ఒక్కటే పెడితే మగ్గం మీద పోగులు తెగుతున్నాయని, అందులో నీళ్లలో కరిగే పీవీఏ అనే పాలిమర్ కలిపాను.
2. నిన్న ఇంట్లో కాచి చూస్తే చక్కగా కలిసింది.
3. ఈ ఉదయం ఆరింటికి కౌసల్యమ్మ వదిన వీధిలో సాచిన పడుగుకు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులకు, పూశాము.
4. సగం కాకముందే గంజి కుండలో రెండు పొరలైంది. పడుగు ఒకచోట కట్టెలా బిగిసింది. మరోచోట పోగులు వట్టివిగానే ఉన్నాయి.
5. ఆ పడుగు ఇక నేతకు పనికిరాదు.

వదిన తిట్టలేదు. గంజికంటె నీ మొకమే ఎక్కువ ఇరిగింది, పోయి జర చాయ్ తాగు అన్నది.

సామల మల్లేశం

5 డిసెంబరు. మధ్యాహ్నం 2.15.

వదిన దగ్గర ఇంకొక్క పడుగే ఉంది. అదీ పాడైతే కొత్త నూలు వచ్చేదాకా ఆమె మగ్గం ఖాళీ. వీధిలో మరెవరూ నాకు పడుగు ఇవ్వరు. తాతల గంజికి ఏం రోగమొచ్చిందని గీ లెక్కలు అని పక్కింటి యాదయ్య అందరిముందూ అడిగాడు.

సామల మల్లేశం

8 డిసెంబరు. ఉదయం 11.00. వనపర్తి.

ఇక్కడి కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ రాఘవేంద్ర సారు తన కంప్యూటర్ ఇచ్చారు. పిండిలో ఉన్నదీ పాలిమరే. రెండు పాలిమర్లు నీళ్లలో కలిసి ఉంటాయా, విడిపోతాయా అన్నది వాటికి ఎంత పొసగదో తెలిపే సంఖ్య మీద ఆధారపడుతుంది. దాని పేరు చై. మూడేళ్లుగా పుస్తకాలు చూసి నేర్చుకున్న ఫ్లోరీ-హగ్గిన్స్ సమీకరణాన్ని ఎక్సెల్‌లో వేశాను. మేం పూసిన, నూటికి ఎనిమిది పాళ్ల గంజి విడిపోదని వచ్చింది. సారు రెండుసార్లు సరిచూశారు. తప్పు దొరకలేదు.

కానీ అది విడిపోయింది.

సామల మల్లేశం

9 డిసెంబరు.

వదినకు గ్రాఫు చూపాను. ఏడ కాచినవ్ అని అడిగింది. ఇంట్లో అన్నాను. పూసేది వీధిల, పొద్దుగాల, సలిల గదా, ఆ సలిని గీ కాయితంల ఏడ రాసినవో చూపియ్యి అన్నది.

ఎక్కడా రాయలేదు. నేను వాడిన చై ఇరవై ఐదు డిగ్రీలది.

10 డిసెంబరు.

వీధిలో, ఉదయం ఆరు గంటలకు: పద్నాలుగు డిగ్రీలు.

13 డిసెంబరు. మల్లేశం.

మంచునీళ్లలో టెస్ట్‌ట్యూబులు నిలిపి, ఏది ఎన్ని డిగ్రీల దగ్గర రెండు పొరలైందో రాసుకున్నాను. ఎనిమిది పాళ్లది పంతొమ్మిది దగ్గర. ఆరు పాళ్లది పదిహేను దగ్గర. ఐదు పాళ్లది పదకొండుకు దిగితే గాని విడలేదు. చైని వేడితోపాటు మారనిస్తే సమీకరణం గీసిన గీత ఈ మూడింటినీ తాకుతూ పోయింది. చాలాసేపు దానినే చూస్తూ కూర్చున్నాను.

అయితే ఐదు పాళ్లది మరీ పలుచన, పోగుకు బలమియ్యదు. వదినకు ఆ మాటే చెప్పాను. పలుచగుంటే రెండుసార్లు పుయ్యి, మొదటిది ఆరినంక రెండోది, దీనికి గూడ వనపర్తి పోతవా అన్నది.

ఆ చివరి పడుగును రేపు సాచమన్నది.

14 డిసెంబరు.

రెండు పూతలు. కుండలో ఒకటే పొర.

22 డిసెంబరు.

వదిన మగ్గం ఆడుతోంది. వారంలో తెగినవి నాలుగు పోగులే.

24 డిసెంబరు.

వీధిలో ఈసారి సాచింది యాదయ్య పడుగు. ఐదు పాళ్ల గంజి వదిన కలుపుతోంది, నన్ను కుండ ముట్టనియ్యలేదు. పడుగు ఒక కొస పట్టుకొని నిలబడ్డాను.