డబ్బాలో కుళాయి నీళ్ళు

ఒరేయ్ తమ్ముడూ, మూత్రం పట్టడానికి ఫ్రిజ్‌లో కొత్త డబ్బా పెట్టాను. రేపు పొద్దున ఆరింటికి పోసింది వదిలేసి, అక్కణ్ణుంచి ఎల్లుండి ఆరింటిదాకా ప్రతి చుక్కా అందులోనే పట్టు. ఒకసారి మర్చిపోతే ఆ మాటే చెప్పి ఏడువు. మొన్నటిలా కుళాయి నీళ్ళు కలిపి గీతదాకా నింపకు. పాలలో నీళ్ళు పోసి అమ్మే చెయ్యి ఊరుకుంటుందా! ల్యాబ్ వాళ్ళు ఇట్టే పట్టేశారు. "ఇది అరుదైన రకం రక్త క్యాన్సర్ అమ్మా, మూత్రంలో ఎంత ప్రోటీన్ పోతోందో తేలనిదే మందు మొదలుపెట్టలేను" అని డాక్టరు అంటుంటే, నువ్వు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతూ కూర్చున్నావు. దద్దమ్మా, వారం రోజులు దండగ చేశావు.

అక్క

అన్నట్టు, ల్యాబ్‌కి డబ్బా నేనే మోసుకెళ్తాను, నువ్వు సిగ్గుతో చావకు. బస్సులో ఎవరైనా అడిగితే నాదేనని చెప్తాలే.