నిండుగా ఉన్న నీళ్ళసీసా

అక్కా, నేనూ ఇల్లూ క్షేమమే. పాప కంట పడకూడదని ఆస్పత్రికి కాకుండా బావగారి ఆఫీసుకు ఈ కార్డు రాస్తున్నాను.

పాప పెంచుకునే కుందేలు, దూది, నిన్న మధ్యాహ్నం చనిపోయింది. తప్పు నాదే. మూడు రోజులుగా గూటికి తగిలించిన నీళ్ళసీసా నిండుగానే కనిపిస్తూ వచ్చింది. చలికి దాహం వేయడం లేదేమో అనుకుని పనికి వెళ్ళిపోయాను. మేత కూడా ముట్టకపోయేసరికి భయం వేసి పశువుల డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్ళాను. ఆయన దాని చర్మం పట్టి చూసి, "ఒంట్లో నీరే లేదయ్యా. సీసా నిండుగానే ఉందంటున్నావు, గొట్టం మూసుకుపోయి ఉంటుంది. రోజూ పాత నీళ్ళు పారబోసి, కడిగి, కొత్తవి పోసుంటే మొదటిరోజే తెలిసేది కదా!" అన్నాడు. సెలైన్ ఎక్కిస్తుండగానే నా చేతుల్లో పోయింది. ఇంటికొచ్చి విప్పి చూస్తే గొట్టం నిండా పాచి. ఊరందరి కొళాయిలు బాగుచేసే నాకు అది చూడాలని తోచలేదు. "మామయ్యా, రోజూ నీళ్ళు మార్చు" అని స్ట్రెచర్ మీద నుంచి కూడా చెప్పింది పాప.

పాప కాలి కట్టు ఎప్పుడు విప్పుతారు? ఉన్ని స్వెటర్ ఏ పెట్టెలో ఉందో రాస్తే పంపుతాను. ఖాళీ గూడు తీసెయ్యనా, ఉంచనా? నాకేమీ పాలుపోవడం లేదు. పాప అడిగితే మాత్రం అబద్ధం చెప్పి నన్ను కాపాడకు.

బావగారికి నమస్కారాలు. పాపకు దీవెనలు రాయడానికి చెయ్యి రావడం లేదు. నా బదులు నువ్వే తల నిమురు.

నీ తమ్ముడు